గడప దాటే క్రిబ్: 10×11 అడుగుల పసిపిల్లల గది, ఒక కేస్ స్టడీ

గది 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. తలుపు ఒకటే. దానికి ఎదురు గోడలో 4×5 అడుగుల కిటికీ. ఎడమ గోడకు అవతల బాత్రూమ్, కుడి గోడకు అవతల తల్లిదండ్రుల పడకగది. అప్పటిదాకా పాత సామాను పడేసే గదిగా ఉంది. తొలి కాన్పుకు ఇంకా 15 వారాలు ఉన్నాయి. 37 వారాలు నిండాక బిడ్డ ఏ రోజైనా రావచ్చు కాబట్టి 36వ వారానికల్లా గది సిద్ధంగా ఉండాలన్నది లెక్క. అంటే చేతిలో ఉన్నది 11 వారాలు.

తల్లిదండ్రులు అడిగినవి మూడు: గది చూడముచ్చటగా ఉండాలి, అర్ధరాత్రి ఏదీ వెతుక్కోకూడదు, బిడ్డకు మూడేళ్ళు వచ్చేదాకా మళ్ళీ సామాను మార్చే పని పడకూడదు. నమూనాగా ఒక ఫొటో చూపించారు. అందులో క్రిబ్ (చుట్టూ కడ్డీలున్న పసిపిల్లల మంచం) కిటికీ కింద ఉంది. క్రిబ్ పైన గోడకు అర, అర మీద బొమ్మలు, పటాలు. క్రిబ్ చుట్టూ లోపల మెత్తటి బంపర్, పైనుంచి జారే పరదా. కిటికీ కింది చోటు, అర, బంపర్, పరదా నాలుగూ ప్లాన్‌లోంచి పోయాయి. రంగులు మాత్రం దాదాపు అవే ఉంచాం.

అప్పుడే పుట్టిన బిడ్డకు చూపు 20 నుంచి 30 సెంటీమీటర్ల దాకానే స్పష్టంగా ఆనుతుంది. గోడ మీద ఏనుగులున్నాయో నక్షత్రాలున్నాయో తెలిసేది పెద్దవాళ్ళకే. అందులో తప్పేమీ లేదు, రోజుకు పది పన్నెండుసార్లు ఆ గదిలోకి వచ్చేది వాళ్ళే మరి. కాబట్టి అందమంతా గోడలకు, కర్టెన్లకు, కుర్చీకి, నేల మీది రగ్గుకు. క్రిబ్‌కు మాత్రం పరుపు, దానికి బిగుతుగా పట్టే షీటు, అంతే.

ముందు గోడ సంగతి

ఎడమ గోడ అడుగున రెండడుగుల మేర పెయింట్ ఉబ్బి, గోరుతో గీరితే పెచ్చులుగా రాలుతోంది. చెమ్మ గోడలోంచి వస్తోందా, గది గాలిలోని తేమ గోడకు పట్టి వస్తోందా అన్నది తేలకుండా రంగు వేస్తే ఆ రంగు ఆరు నెలలు నిలవదు. తేల్చుకోవడం తేలికే. 45 సెంటీమీటర్ల చదరపు పారదర్శక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా గోడకు అంటించి 48 గంటలు వదిలేయాలి. నీటి చుక్కలు కవరు లోపలివైపు, అంటే గోడ వైపు పడితే తడి గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు పడితే గాలిలో తేమ. ఇక్కడ గోడ వైపే పడ్డాయి. బాత్రూమ్‌లో కుళాయి జాయింటు దగ్గర సన్నటి లీకు, టైల్స్ మధ్య అరిగిపోయిన గ్రౌట్ కారణమని తేలింది. రెండూ బాగుచేశాక గోడను రెండు వారాలు ఆరనిచ్చి, పాలిథిన్ పరీక్ష మళ్ళీ చేసి, చుక్కలు లేవని చూసుకున్నాకే ప్లాస్టరింగ్, ప్రైమర్, పుట్టీ. ఈ రెండు వారాలూ దండగలా కనిపిస్తాయి. తడి గోడ మీద పుట్టీ పెట్టినప్పుడే అసలు దండగ.

పాత పెయింట్ ఎప్పటిదో ఎవరికీ తెలియదు. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది, పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. గర్భిణికి, పసిబిడ్డకు సీసం ఎంత తక్కువైనా చేటే. అందుకని గోడను నీళ్ళతో తడుపుతూ రుద్దించాం, తలుపు సందులు టేపుతో మూయించాం, ఆ మూడు రోజులూ తల్లిని ఆ గది వైపు రానివ్వలేదు. కొత్త పెయింట్ డబ్బా మీద చూడాల్సినవి రెండు: సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) కన్నా తక్కువ అన్న మాట, వీఓసీ, అంటే పెయింట్‌లోంచి గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు, లీటరుకు 50 గ్రాముల లోపు అన్న అంకె. ‘వాసన లేదు’ అని పెద్ద అక్షరాల్లో ఉన్నంత మాత్రాన వీఓసీ తక్కువని కాదు.

రంగు లెక్క ఇలా వేశాం. నాలుగు గోడలు కలిపి 399 చదరపు అడుగులు. తలుపు 21, కిటికీ 20 తీసేస్తే 358. రెండు కోట్లకు 716. ఒక లీటరు ఒక కోటుకు 110 చదరపు అడుగులు వస్తుందనుకుంటే ఆరున్నర లీటర్లు. కుడి గోడ ఒక్కదానికి బూడిద కలిసిన లేత ఆకుపచ్చ 2 లీటర్లు, మిగతా మూడింటికి వెచ్చటి తెలుపు 5 లీటర్లు తెప్పించాం.

తల్లిదండ్రులు మొదట అడిగింది గది మొత్తానికీ నిమ్మపండు పసుపు. ముఖ్యంగా డైపర్ మార్చే చోట ఆ రంగు వద్దన్నాం. పుట్టిన మొదటి వారంలో చాలామంది పిల్లలకు కాస్త పచ్చకామెర్లు కనిపిస్తాయి. పసుపు గోడ మీంచి పడే వెలుగులో ఏ బిడ్డయినా పచ్చగానే కనిపిస్తుంది, లేదా నిజంగా పచ్చబడినా గోడ రంగులే అనిపిస్తుంది. చర్మం రంగు గమనించాల్సిన చోట తెలుపో లేత బూడిదో ఉండటం మేలు.

వాల్‌పేపర్ కూడా మానేశాం. ఒకసారి చెమ్మ చూసిన గదిలో గోడకు వినైల్ కాగితం అంటిస్తే లోపల తేమ చిక్కుకుని బూజు పడుతుంది. దాని బదులు కుడి గోడ మీద 120 సెంటీమీటర్ల ఎత్తు దాకా, ఒకదాని వెనక ఒకటి మూడు కొండల వంపులు గీయించాం. ఉన్న రెండు రంగుల్నీ వేర్వేరు పాళ్ళలో కలిపితేనే మూడు ఛాయలు వచ్చాయి, కొత్త డబ్బా అవసరం పడలేదు. అంచు పదునుగా రావాలంటే టేపు అంటించాక ముందు కింది రంగునే టేపు అంచు వెంబడి పలచగా పూయాలి. టేపు కింద ఏ సందు ఉన్నా ఆ రంగుతో మూసుకుపోతుంది. దాని మీద కొండ రంగు రెండు కోట్లు. రెండో కోటు ఇంకా కొంచెం తడిగా ఉండగానే టేపును 45 డిగ్రీల వాలులో వెనక్కి లాగాలి. పూర్తిగా ఆరాక లాగితే టేపుతోపాటు పెయింట్ పొర కూడా చిరిగి వస్తుంది. మొదటి కొండకు సరిగ్గా అదే జరిగింది. ఒక జానెడు మేర మళ్ళీ పుట్టీ పట్టి దిద్దాల్సి వచ్చింది.

నీళ్ళ పెయింట్ గంటల్లో ఆరుతుంది కానీ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు తీసుకుంటుంది. అన్నాళ్ళూ పగలు కిటికీ తెరిచే ఉంచాం. కొత్త డ్రాయర్ యూనిట్ కూడా ఆ గదిలోనే సొరుగులన్నీ బయటికి లాగి మూడు వారాలు ఉంది. పార్టికల్ బోర్డు సామాను ఏదైనా అంతే. జిగురులోని ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన వాయువును కొత్తలోనే ఎక్కువ వదులుతుంది. ఈ1 గ్రేడు (ఆ వాయువును తక్కువ వదిలే రకం) అని రాసి ఉన్నా సరే, లామినేషన్ పట్టని అంచులు, స్క్రూ రంధ్రాలు చూసుకుని మూయాలి.

క్రిబ్, తలుపు

డిజైన్ మొత్తం తలకిందులైంది ఇక్కడే. తల్లిదండ్రులు ఎంచుకున్నది 70×140 పరుపు పట్టే క్రిబ్, బయటి వెడల్పు 77 సెంటీమీటర్లు. తలుపు 75 సెంటీమీటర్లని ప్లాన్‌లో ఉంది. కానీ తలుపు తెరిచినప్పుడు రెక్క మందం, హ్యాండిల్ పోను నిజంగా దొరికే దారి 71. క్రిబ్‌ను ఆ గదిలోనే బిగిస్తే సమస్యేముంది అనిపిస్తుంది. సమస్య ఏమిటంటే, మొదటి ఆరు నెలలైనా బిడ్డ పడుకోవాల్సింది తల్లిదండ్రుల గదిలో, వేరే పక్క మీద. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల్లోనూ ఇదే ఉంది. అంటే ముచ్చటపడి తయారుచేసిన గదిలో మొదటి ఆర్నెల్లూ రాత్రి నిద్ర ఉండదు. పాలివ్వడం, డైపర్ మార్చడం, దగ్గర ఎవరైనా ఉన్నప్పుడు పగటి కునుకు, ఇవే అక్కడ జరుగుతాయి. 77 సెంటీమీటర్ల క్రిబ్‌ను ఆ గదిలో బిగిస్తే ఆర్నెల్లు అలంకారంగా నిలబడుతుంది, పడకగదికి ఇంకో తొట్టె కొనాలి.

దాని బదులు 60×120 పరుపు క్రిబ్ తీసుకున్నాం. బయటి వెడల్పు 66, కాళ్ళకు బ్రేకులున్న చక్రాలు. 71 దారిలో రెండు పక్కలా రెండున్నర సెంటీమీటర్ల చొప్పున వెసులుబాటు. మధ్యలో 12 మిల్లీమీటర్ల రాతి గడప ఒకటి అడ్డొచ్చింది, చిన్న చక్రాలు దానికి తగిలి ఆగిపోయాయి. చక్రాలు పెద్దవి మారిస్తే క్రిబ్ ఎత్తు పెరిగి, తయారీదారు లెక్కగట్టిన నిలకడ పోతుంది. గడపకు రెండు వైపులా వాలుగా రబ్బరు పట్టీ అంటిస్తే సరిపోయింది. జరిపేటప్పుడు క్రిబ్ ఎప్పుడూ ఖాళీగానే ఉండాలి. జరిపిన ప్రతిసారీ బ్రేకులు వేసి, నాలుగు మూలల బోల్టులూ బిగించి చూడాలి, కదిలించే సామానుకు బోల్టులు వదులవుతూనే ఉంటాయి. వాటికి పట్టే అలెన్ కీని పిల్ల చేతికందని విధంగా పరుపు కింది చట్రానికి టేపుతో అంటించి పెట్టాం.

చిన్న క్రిబ్ వల్ల పోయేదీ ఉంది. పెద్దదానిలో ఇంకొన్ని నెలలు అదనంగా గడిచేవి. బిడ్డ 90 సెంటీమీటర్ల ఎత్తు పెరిగేసరికి ఎలాగూ క్రిబ్ మానేయాలి కాబట్టి ఆ తేడా పెద్దది కాదనుకున్నాం.

ఎంపికలో చూసిన కొలతలు: కడ్డీల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదు. పరుపుకు, చట్రానికి మధ్య రెండు వేళ్ళు దూరితే ఆ పరుపు పనికిరాదు. మూలల్లో పైకి పొడుచుకొచ్చిన గుబ్బలు ఉండకూడదు, బట్ట తగులుకుంటుంది. పక్క కిందికి జారే పాత రకం క్రిబ్ బంధువులు ఇస్తామన్నారు, వద్దన్నాం. ఆ రకాన్ని అమెరికాలో 2011 జూన్ నుంచి తయారుచేయడం, అమ్మడం ఆపేశారు. జారే పక్క పట్టాలోంచి ఊడితే బిడ్డ మెడ ఇరుక్కునే సందు ఏర్పడుతుంది. బంపర్‌నూ అక్కడ 2022లో చట్టం చేసి నిషేధించారు. ‘బిడ్డ తల కడ్డీలకు కొట్టుకోదా’ అని అమ్మమ్మ అడిగారు. కొట్టుకుంటే చిన్న బొప్పి కడుతుంది. మెత్తటి గుడ్డకు ముక్కు ఆనుకుంటే ఊపిరి అందదు.

పరుపు గట్టిగా ఉండాలి. అరచేత్తో నొక్కి తీయగానే గుంట మిగలకుండా పైకి రావాలి. పెద్దవాళ్ళకు రాయిలా అనిపించే పరుపే సరైనది. దిండు, బొంత, దుప్పటి, బొమ్మ ఏవీ వద్దు. చలికి తొడుక్కునే స్లీపింగ్ బ్యాగు చాలు. బ్యాగు ఎంత వెచ్చగా ఉంచుతుందో చెప్పే కొలత టాగ్. గది 20 నుంచి 24 డిగ్రీలుంటే 1 టాగ్, 24 దాటితే అర టాగ్, 20 కన్నా తగ్గితే రెండున్నర టాగ్ బ్యాగు సరిపోతుంది. వేడి చూడాల్సింది చేతులో కాళ్ళో తాకి కాదు, పసివాళ్ళకు అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనకో ఛాతీ మీదో చెయ్యి పెట్టి చూడాలి.

క్రిబ్ స్థానం కుడి గోడ మధ్యలో, కొండల ముందు. కిటికీకి నాలుగడుగుల దూరం, ఏసీ గాలి నేరుగా పడని చోట. పైన పటం లేదు, అర లేదు. మానిటర్ కెమెరా గోడకు, దాని వైరు గోడ మీది పీవీసీ పట్టీలో, క్రిబ్‌కు మూడడుగుల దూరం తగ్గకుండా.

డైపర్ మార్చే బల్ల

ప్రత్యేకంగా చేంజింగ్ టేబుల్ కొంటే రెండేళ్ళకు అటకెక్కుతుంది. 85 సెంటీమీటర్ల ఎత్తు, 48 లోతు, 110 వెడల్పున్న డ్రాయర్ యూనిట్ మీదే ప్యాడ్ పెట్టాం. 9 సెంటీమీటర్ల ప్యాడ్‌తో కలిపి పని ఎత్తు 94. తల్లి ఎత్తు 158, మోచెయ్యి 99 దగ్గర ఉంది. తండ్రి 176, ఆయనకు 111. ఎక్కువసార్లు వాడేది తల్లే కాబట్టి ఆమె మోచేతికి 5 సెంటీమీటర్ల కింద ఉండేలా చూశాం. తండ్రి కాస్త వంగక తప్పదు.

లోతు 45 కన్నా తక్కువుంటే ప్యాడ్ అంచు బయటికి వేలాడుతుంది. ప్యాడ్ జారకుండా మూడు వైపులా 10 సెంటీమీటర్ల చెక్క చట్రం చేయించి, వెనక నుంచి స్క్రూలతో యూనిట్‌కు బిగించాం. ప్యాడ్‌కు పట్టీ ఉంది, కానీ అసలు భద్రత పట్టీలో లేదు, బిడ్డ మీంచి తీయని ఒక చేతిలో ఉంది. అందుకే సామాను అమరిక అంతా ఒంటిచేతి పనికి లెక్కగట్టాం. ఇద్దరూ కుడిచేతివాటం. బిడ్డ తల ఎడమవైపు, కాళ్ళు కుడివైపు. తుడిచే వైప్స్ డబ్బా కుడివైపు, ఒక చేత్తో తెరుచుకునే బరువైన మూతతో. పై సొరుగులో కుడి మూల పాతిక డైపర్లు, మధ్యలో క్రీము, రెండు జతల బట్టలు. చెత్త డబ్బా కుడికాలి దగ్గర, పెడల్‌తో. మొదటి వారమే తండ్రి ఈ అమరికను మార్చి వైప్స్‌ను రెండో సొరుగులో పెట్టారు, బల్ల నీటుగా కనబడుతుందని. రెండు రాత్రులకే అవి మళ్ళీ పైకి వచ్చాయి.

యూనిట్‌ను గోడకు బిగించడంలో మొదటి ప్రయత్నం విఫలమైంది. కూడా వచ్చిన 30 మిల్లీమీటర్ల ప్లగ్గులు వాడారు. గోడ మీద ప్లాస్టరింగే 15 మిల్లీమీటర్లు, అంటే ప్లగ్గు సగం గుల్ల పొరలోనే ఉండిపోయింది. పై సొరుగు లాగి ముందు అంచు మీద బరువు వేసి నొక్కగానే ప్లగ్గు పెళ్ళతో సహా ఊడొచ్చింది. ఎడమ గోడ ఇటుకదే కాబట్టి, కొత్త చోట 8 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం చేసి, దుమ్ము ఊదేసి, 60 మిల్లీమీటర్ల ప్లగ్గు ఇటుకలోకి పూర్తిగా దిగేలా బిగించాక కదల్లేదు. బాత్రూమ్ గోడ కదా, రంధ్రం వేసే ముందు నీళ్ళ పైపు ఎటు పోతోందో చూసుకోవడం మరవకూడదు. గుల్ల బ్లాకుల గోడైతే ఈ ప్లగ్గు పనికిరాదు, లోపల విచ్చుకునే రకం కావాలి.

వెలుతురు, చప్పుడు

కిటికీకి రోలర్ బ్లైండ్‌ను గూడులో బిగిస్తే రెండు పక్కలా ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల సందులోంచి వెలుగు గీతలుగా పడుతుంది. అందుకని తాడు లేని బ్లైండ్‌ను గూడు బయట, కిటికీకి రెండు వైపులా 15 సెంటీమీటర్లు దాటేలా పెట్టించాం. దాని మీద మామూలు నూలు కర్టెన్, 5 అడుగుల వెడల్పుకు 10 అడుగుల గుడ్డ. తాడున్న బ్లైండ్ పసిపిల్లల గదిలో ఉండనే కూడదు, ఆ ఉచ్చులో మెడ చిక్కితే క్షణాల్లో ప్రాణం పోతుంది.

మూడు దీపాలు. పైకప్పుది 3000 కెల్విన్ (వెచ్చటి తెలుపు), వెలుగు తగ్గించే డిమ్మర్‌తో. మొదట పెట్టిన ఎల్ఈడీ బల్బు డిమ్ చేయగానే సన్నగా గుయ్‌మంటూ మినుకుమంది, డిమ్మర్‌కు పనికొచ్చే బల్బు కాదది. మార్చాక ఆగింది. డ్రాయర్ యూనిట్ పైన సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె, గరిష్ఠం 100) 90 ఉన్న దీపం, చర్మం రంగు సరిగా కనబడటానికి. మూడోది రాత్రి పాల కోసం, కుర్చీ వెనక నేలకు దగ్గరగా కాషాయ రంగు చిన్న బల్బు. నీలం కలిసిన తెల్లటి వెలుగు నిద్ర హార్మోను మెలటోనిన్‌ను ఎక్కువ అణిచేస్తుంది, తల్లికీ బిడ్డకూ మళ్ళీ నిద్రపట్టడం కష్టమవుతుంది.

కుర్చీ కిటికీ మూలలో. సీటు ఎత్తు 44 సెంటీమీటర్లు, కుర్చీ చేతులు సీటు మీంచి 22. కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, భుజాలు పైకి లేవకూడదు. వెనక్కి వాలడానికి గోడ నుంచి 40 సెంటీమీటర్లు వదలాలి. పక్కన ఒక చిన్న బల్ల, నీళ్ళ సీసాకు, ఫోన్‌కు.

చప్పుడుకు యంత్రం కొనేముందు తలుపు చూడాలి. బందులకు నూనె, తలుపు ఆనే చట్రానికి రెండు ఫెల్ట్ బిళ్ళలు అంటిస్తే బిడ్డ లేచిపోయే సందర్భాలు తగ్గుతాయి. వైట్ నాయిస్ యంత్రం పెట్టాలనుకుంటే క్రిబ్‌కు రెండు మీటర్ల దూరంలో, బిడ్డ తల ఉండే చోట 50 డెసిబెల్స్ మించకుండా.

నిల్వలు: పుట్టిన పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు డైపర్లు పడతాయి. అయినా న్యూబార్న్ సైజు వారానికి సరిపడా, ఎనభైకి మించి కొనవద్దన్నాం. కొందరికి పుట్టుకతోనే ఆ సైజు పట్టదు. క్రిబ్ షీట్లు నాలుగు, తడి దిగని ప్రొటెక్టర్లు రెండు. రాత్రి పక్క తడిస్తే ఒకదాని మీద ఒకటిగా ప్రొటెక్టర్, షీటు, ప్రొటెక్టర్, షీటు పరిచి ఉంటే పై జత లాగేస్తే చాలు. ప్రతి పొరా బిగుతుగా పట్టాలి.

ఏడో నెలలో

బిడ్డ ఏడో నెలలో గదిని మళ్ళీ కొలిచి చూశాం. అప్పటికి క్రిబ్ పడకగది నుంచి ఇక్కడికి వచ్చేసింది. బిడ్డ ఆసరాతో కూర్చుంటున్నప్పుడే పరుపును ఒక మెట్టు దించారు, లేచి నిలబడే ప్రయత్నం మొదలుకాగానే అన్నిటికన్నా కిందికి దించాలి. క్రిబ్ పైన వేలాడే మొబైల్ బొమ్మను ఐదో నెలలోనే తీసేశారు.

మా తప్పు ఒకటి బయటపడింది. కాషాయ దీపానికి వాడిన స్టాండు, బిడ్డ పాకుతూ వెళ్ళి పట్టుకుంటే మీద పడేంత తేలిక. దాన్ని తీసి గోడ దీపం పెట్టాం. కుర్చీ ఊగే యంత్రం కింద వేలు నలిగే సందు ఉంది, వాడనప్పుడు లాక్ వేయడం అలవాటు కావాలి. దీపం రిమోట్‌లో బటన్ సెల్ ఉంది, మూతకు స్క్రూ లేదు. మింగితే గొంతులో గంటల్లోనే పుండు పడే వస్తువది. రిమోట్‌ను ఆ రోజే గదిలోంచి బయటికి పంపేశాం. కిటికీ రెక్క 10 సెంటీమీటర్లకు మించి తెరుచుకోకుండా గొళ్ళెం పెట్టించడం ఒక్కటి మిగిలింది.

కొండల మీద, క్రిబ్ అంచు ఎత్తులో, పెయింట్ ఒక గీతలా చెరిగిపోయింది. క్రిబ్‌ను గోడకు మరీ ఆనించి జరపడం వల్ల. గాజు సీసాలో పోసి, తేదీ, రంగు కోడ్ రాసి దాచిన మిగులు పెయింట్‌తో చిన్న బ్రష్‌తో దిద్దితే పావుగంటలో కలిసిపోయింది. ఈసారి క్రిబ్ వెనక కాళ్ళకు రెండు రబ్బరు బొడిపెలు అంటించాం.